చిన్నప్పుడు ఆడిన ‘ఫ్రీస్పేస్’ మళ్ళీ ఆడాలా, వద్దా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మానాన్నల ఇంటికి రిపేర్లు చేయిస్తుంటే అటక మీద ఒక సీడీ, ఒక పాత జాయ్‌స్టిక్ దొరికాయి. సీడీ మీద మార్కర్‌తో ‘ఫ్రీస్పేస్’ అని మీ అన్న చేతిరాత. 2000 ప్రాంతంలో మీరిద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, అన్న జాయ్‌స్టిక్ తిప్పుతుంటే మీరు కీబోర్డు నొక్కుతూ ఆడేవారు. ఇప్పుడు విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో అది నడుస్తుందా, కొత్త జాయ్‌స్టిక్ కొనాలా, మీ పదేళ్ళ పాపతో కలిసి ఆడొచ్చా అని అడిగారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇన్నేళ్ళ తర్వాత ఆడితే ఆ జ్ఞాపకం పాడవుతుందేమోనని మీ భయం.

ఆడండి. తప్పకుండా ఆడండి. ఆ సీడీతో మాత్రం వద్దు, వేరే దారి చెబుతాను. జాయ్‌స్టిక్ ఇప్పుడే కొనకండి. జ్ఞాపకం విషయానికొస్తే, మీరు అప్పుడు ఆడింది సగం ఆటే అని నేను దాదాపు గట్టిగా చెప్పగలను. మిగతా సగం మీకోసం ఇంకా అలాగే ఉంది. కాబట్టి పాడయ్యేదానికంటే కొత్తగా దొరికేదే ఎక్కువ.

నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సర్వీసు షాపు నడుపుతాను. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. పాత హార్డ్ డిస్కుల్లోంచి పెళ్ళి ఫోటోలు తీయడం, పాత ట్యాలీ డేటా కొత్త మెషిన్‌లోకి ఎక్కించడం మా రోజువారీ పని. ఈమధ్య ఏడెనిమిదేళ్ళుగా ‘చిన్నప్పటి గేమ్ ఒకటుంది, నడిపించగలరా’ అని వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. ఎక్కువమంది నలభైకి అటూ ఇటూ వయసువాళ్ళు. అందులో అంతరిక్ష యుద్ధాల ఆటలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. నేను పెరిగింది కూడా ఈ ఫ్రీస్పేస్‌తోనే.

ముందు సీడీ సంగతి. ఇరవై ఏళ్ళకు పైగా అటక మీద మన ఎండలకు ఉడికిన సీడీ అది. మార్కర్‌తో పేరు రాశారంటే ఒరిజినల్ కాదు, ఎవరో రైట్ చేసి ఇచ్చిన కాపీ. అలాంటి డిస్కుల్లో డేటా ఉండేది ఒక రంగు పొర మీద. వేడికి, వెలుతురుకి అది మెల్లగా చెడిపోతుంది. చూడ్డానికి మెరుస్తూనే ఉంటుంది, చదవబోతే మధ్యలో ఆగిపోతుంది. అయినా ఒకసారి ప్రయత్నించాలనిపిస్తే మెత్తటి కాటన్ గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడవండి, గుండ్రంగా రుద్దకండి. టూత్‌పేస్ట్ రాసే చిట్కా జోలికి అసలు పోకండి. డిస్కు కింది వైపు గీతలు పడితే కొంత నయం. పేరు రాసిన వైపు గీత పడితే మాత్రం అక్కడి డేటా పోయినట్టే, ఎందుకంటే అద్దంలాంటి పొర ఆ లేబుల్ కిందే ఉంటుంది. చదవగలిగితే వెంటనే ఐఎస్ఓ ఇమేజ్, అంటే డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసిన నకలు, తీసి పెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ తిప్పకండి.

ఇంకో మాట. ఈ ఆట అసలు పేరు ‘డిసెంట్: ఫ్రీస్పేస్ – ద గ్రేట్ వార్’. 1998లో వచ్చింది. తయారుచేసింది అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం షాంపేన్‌లోని వొలిషన్ కంపెనీ, విడుదల చేసింది ఇంటర్‌ప్లే. ఒరిజినల్ రెండు సీడీల్లో వచ్చింది. మీ దగ్గరున్నది ఒక్కటే. అప్పట్లో కోఠిలోనూ, పార్క్‌లేన్ చుట్టుపక్కలా చేతులు మారిన కాపీల్లో చాలావాటికి వీడియోలు తీసేసి, ఒక్క డిస్కులో పట్టేలా కుదించేవాళ్ళు. మిషన్ల మధ్యలో ఏన్షియంట్స్ అనే, ఎప్పుడో అంతరించిపోయిన జాతి తమ కథ తామే చెప్పుకునే వీడియోలు మీకు గుర్తున్నాయా? గుర్తు లేకపోతే మీరు మరిచిపోయారని కాదు, బహుశా మీ సీడీలో అవి లేవు. నేను కూడా వాటిని మొదటిసారి చూసింది ముప్పైకి దగ్గర పడ్డాకే. ఆ జాతి కథ తెలియకుండా చివరి మిషన్ ఎందుకు అలా ఉంటుందో అర్థం కాదు.

కాబట్టి ఆటను కొత్తగా కొనండి. ఆటలు అమ్మే జీఓజీ అనే సైట్‌లో ఫ్రీస్పేస్ రెండు భాగాలూ దొరుకుతాయి. డిస్కౌంట్ ఉన్నప్పుడు ఒక సినిమా టికెట్టూ పాప్‌కార్న్ ఖర్చు కూడా కాదు. డిస్కు అడగదు, ఇప్పటి విండోస్‌లో నడిచేలా సర్ది పెట్టి ఉంటుంది. పాత సీడీలతో వచ్చే అసలు తలనొప్పి ఇక్కడ ఉండదు. ఆ కాలపు ఆటలు చాలావాటి ఇన్‌స్టాలర్లు 16 బిట్‌వి, వాటిని 64 బిట్ విండోస్ తెరవనే తెరవదు. కొన్నింటికి సేఫ్‌డిస్క్ అనే తాళం వేసి అమ్మారు. ఆ తాళం వాడే డ్రైవరులో భద్రతా లోపం ఉందని విండోస్ 10 నుంచి దాన్ని ఆపేశారు. దాంతో ఒరిజినల్ డిస్కు చేతిలో ఉన్నా అవి నడవవు.

మొదటి భాగాన్ని కొని అలాగే ఆడొచ్చు. కానీ నా సలహా ఇంకొకటి. రెండో భాగం, అంటే 1999లో వచ్చిన ఫ్రీస్పేస్ 2 కొనండి. 2002లో వొలిషన్ దాని సోర్స్ కోడ్‌ను, అంటే ఆటను నడిపే ఇంజిన్ ప్రోగ్రామ్‌ను, అందరికీ బయటపెట్టింది. వ్యాపారానికి వాడకూడదన్న షరతు ఒకటి పెట్టింది. అప్పటి నుంచి ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో జీతం భత్యం లేకుండా ఆ ఇంజిన్‌ను ఈ కాలానికి తగ్గట్టు మారుస్తూనే ఉన్నారు. దాని పేరు ఫ్రీస్పేస్ ఓపెన్. అందులోనే ఎఫ్‌ఎస్ పోర్ట్ అని ఒక ప్యాకేజీ ఉంది. మీరు ఆడిన మొదటి భాగం మిషన్లన్నీ అందులో కొత్త ఇంజిన్ మీద నడుస్తాయి. నోసోస్ అనే లాంచర్ ద్వారా ఇవన్నీ తేలిగ్గా దించుకోవచ్చు. అది ఫ్రీస్పేస్ 2 ఎక్కడుందని అడుగుతుంది, చూపిస్తే మిగతాది అదే చేసుకుంటుంది.

ఈ ఆటకు ఇంత ఆయుష్షు రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఫ్రీస్పేస్ 2ని విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, కానీ అమ్మకాలు లేవు. మూడో భాగం రాలేదు. వొలిషన్ కంపెనీని 2023లో మూసేశారు. కంపెనీ పోయింది, ఆట మాత్రం ప్రతి ఏడాదీ కొంచెం మెరుగవుతూనే ఉంది. ఆ సోర్స్ కోడ్ బయటికి రాకపోయి ఉంటే మీ ప్రశ్నకు ఇంత సులువైన జవాబు ఉండేది కాదు.

ఇక తెర మీద కనిపించే బొమ్మ సంగతి. పాత ఆటలు మళ్ళీ ఆడేవాళ్ళకు మొదటి భయం ఇదే: ‘అప్పుడు అద్భుతంగా కనిపించింది, ఇప్పుడు చూస్తే అట్టముక్కల్లా ఉంటుందేమో’. మన హైదరాబాద్ పిల్లల విషయంలో ఇది తలకిందులు. మనలో ఎంతమందికి అప్పట్లో 3డి కార్డు ఉంది? నేను ఆడింది చిక్కడపల్లిలో మా బాబాయ్ డీటీపీ సెంటర్లో. పగలంతా ఆ మెషిన్ మీద పెళ్ళి శుభలేఖలు, విజిటింగ్ కార్డులు కంపోజ్ చేసేవాళ్ళు. రాత్రి తొమ్మిదికి షట్టర్ సగం దించాక మాకు గంటసేపు ఇచ్చేవాడు. దాంట్లో 3డి కార్డు లేదు. ప్రాసెసరే మొత్తం బొమ్మ గీయాలి. ఓడలు గరుకు గరుకుగా, పేలుళ్ళు గళ్ళు గళ్ళుగా కనిపించేవి, నలుగురు శత్రువులు ఒకేసారి వస్తే తెర నత్తనడక నడిచేది. మీ ఇంట్లోదీ అలాంటి మెషినే అయితే, 1998లో తయారుచేసినవాళ్ళు చూపించాలనుకున్న బొమ్మను మీరు ఇంతవరకు చూడనే లేదు. పాత బొమ్మనే ఇప్పటి తెర మీద చూసినా మీకు అది కొత్తదే.

అందుకే మొదటి రోజే గ్రాఫిక్స్ అప్‌గ్రేడ్లు వేయకండి. లాంచర్ తెరవగానే మీడియా వీపీలు అనే ప్యాకేజీలు కనిపిస్తాయి. ఓడల మీద కొత్త నగిషీ, కొత్త వెలుగునీడలు, కొత్త పేలుళ్ళు. చాలా బాగుంటాయి, నేనూ వాడతాను. కానీ మలక్‌పేట నుంచి వచ్చిన ఒకాయన కథ చెబుతాను. అన్నీ వేసుకుని, ఇదేదో వేరే ఆటలా ఉందని దిగులుగా ల్యాప్‌టాప్ తెచ్చాడు. నేను ఆ ప్యాకేజీలు తీసేసి ఒరిజినల్ ఫైళ్ళతో తెరిచాను. ఈ ఆటలో మెనూ అంటే బటన్ల వరస కాదు, గుర్తుందా? ఓడ లోపలి హాలు. తలుపుల మీద మౌస్ పెడితే అవి తెరుచుకుంటాయి, వెనక మైకులో ఎవరినో పిలుస్తున్న ప్రకటన లీలగా వినిపిస్తుంటుంది. ఆ ప్రకటన వినగానే ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆట మొదలుపెట్టనే లేదు, పది నిమిషాలు ఆ హాల్లోనే తలుపులు తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. మీరు కూడా మొదటి నాలుగైదు మిషన్లు పాత బొమ్మతో ఆడండి. చేతికి, చెవికి పరిచయం తిరిగొచ్చాక కొత్త బొమ్మ వేసుకోండి.

చిన్న విషయమే అయినా తేడా చాలా ఉంటుంది కాబట్టి ఇదీ చెబుతాను. రాత్రిపూట లైటు తీసేసి ఆడండి. పాత డబ్బా మానిటర్లో నలుపు నిజంగా నలుపే. మామూలు ల్యాప్‌టాప్ తెరలో అది బూడిదరంగులోకి తిరుగుతుంది. అంతరిక్షం బూడిదరంగులో ఉంటే భయం వేయదు. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించండి.

ఇక అసలు విషయానికొస్తాను. సగం ఆట అన్నది దీని గురించే.

మీరు కీబోర్డు చూసుకునేవారని రాశారు. ఏ కీలు నొక్కేవారో రాయలేదు. ఇలా ఇద్దరిద్దరుగా ఆడినవాళ్ళను నేను అడుగుతుంటాను. దాదాపు అందరూ రెండే చెబుతారు: మిసైల్‌కి స్పేస్‌బార్, వేగానికి ట్యాబ్. ఆ రెండింటితో చాలా దూరం పోవచ్చు, నిజమే. కానీ తెర మీద జీ, ఎస్, ఈ అని మూడు అక్షరాల దగ్గర మూడు నిలువు పట్టీలు ఉంటాయి, చూసి ఉంటారు. తుపాకులు, షీల్డ్, ఇంజిన్. ఓడలో ఉన్న కరెంటు మొత్తం ఇంతే, దాన్ని ఈ మూడింటికీ మీరే పంచాలి. కీబోర్డులో బాణం గుర్తుల పైన ఆరు కీల గుంపు ఉంటుంది కదా, అది ఇందుకే. ఇన్సర్ట్ నొక్కితే తుపాకులకు పెరుగుతుంది, దాని కిందున్న డిలీట్ నొక్కితే తగ్గుతుంది. హోమ్, ఎండ్ షీల్డ్‌కి. పేజ్ అప్, పేజ్ డౌన్ ఇంజిన్‌కి. మూడు నిలువు జతలు, మూడు పట్టీలు. పై కీ పెంచుతుంది, కింది కీ తగ్గిస్తుంది. వేళ్ళకు ఒకసారి పట్టుబడితే చూడకుండా నొక్కేస్తారు.

దూరంగా ఉన్న ఓడను కాపాడటానికి పరిగెత్తాలంటే తుపాకులది తీసి ఇంజిన్‌కి పెట్టాలి. దగ్గరికి వెళ్ళాక వెంటనే తిరగేయాలి, లేకపోతే ట్రిగ్గర్ నొక్కినా తుపాకీలో ఏమీ ఉండదు. వెనక ఇద్దరు పడితే షీల్డ్‌కి. చిన్నప్పుడు ‘శత్రువు మనకంటే వేగంగా ఉన్నాడు, ఇది మోసం’ అని నేను బల్ల గుద్దిన మిషన్లు, ఇప్పుడు ఈ పట్టీలు కదిపితే తేలిగ్గా దాటేస్తున్నాను. మొదటి కొన్ని మిషన్లలో షీల్డ్ అసలు ఉండదు, కథలో అది తర్వాత వస్తుంది. అది వచ్చిన మిషన్ నుంచి ఆట స్వభావమే మారిపోతుంది. ఆ మార్పును గమనించండి.

ఇంకో మూడు కీలు. హెచ్ నొక్కితే దగ్గర్లో ఉన్న శత్రువు మీద గురి పడుతుంది. ఎమ్ నొక్కితే మీ వేగం వాడి వేగంతో సమానమవుతుంది. తోకపట్టుకుని వెళ్ళడానికి కొత్తవాళ్ళకి ఇంతకంటే మంచి సాయం లేదు. మూడోది బీ. ఇది చాలామందికి తెలియదు. మన పెద్ద ఓడను కాపాడే మిషన్లలో శత్రు బాంబర్లు వచ్చి బాంబులు వదులుతాయి. మనం బాంబర్ల వెంటే పరిగెడతాం, ఈలోగా బాంబు వెళ్ళి తగులుతుంది. నిజానికి వదిలిన బాంబునే గాల్లో కాల్చేయొచ్చు. బీ నొక్కితే గురి నేరుగా దాని మీదే పడుతుంది.

ల్యాప్‌టాప్‌తో ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ ఆరు కీల గుంపు చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండదు. ఉన్నా ఎఫ్‌ఎన్ కీతో కలిపి నొక్కాలి. యుద్ధం మధ్యలో అది కుదరదు. ఐదారు వందలు పెట్టి మామూలు యూఎస్‌బీ కీబోర్డు కొనండి, పెద్ద సైజుది. నా లెక్కలో జాయ్‌స్టిక్ కంటే ముందు కొనాల్సింది ఇదే.

జాయ్‌స్టిక్ గురించి ఇప్పుడు. మీకు దొరికిన దానికి చివర వెడల్పాటి 15 పిన్నుల ప్లగ్ ఉండి ఉంటుంది. అది సౌండ్ కార్డు వెనక పెట్టే గేమ్ పోర్టుది. ఇప్పటి మెషిన్లలో ఆ పోర్టు లేదు, విండోస్ కూడా విస్టా నుంచి దాన్ని వదిలేసింది. యూఎస్‌బీకి మార్చే అడాప్టర్లు ఉన్నాయి, పని చేస్తాయి కూడా. కానీ పిడి ఎటు వంగిందో కొలిచే లోపలి పాట్‌లు అరిగిపోయి అలాగే ఉంటాయి, మధ్యలో వదిలేసినా ఓడ ఒకవైపు లాగుతూ ఉంటుంది. దాన్ని గుర్తుగా ఉంచుకోండి. ఆడటానికి ముందు మౌస్‌తో మొదలుపెట్టండి. నాలుగు వారాల తర్వాత కూడా ఆడుతుంటే అప్పుడు లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డి ప్రో లాంటిది, పిడిని మెలితిప్పగలిగేది కొనండి. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ఇంకా మంచిది. కొనేముందు పిడిని వదిలి, అది నిటారుగా నిలబడుతోందో లేదో ఒక నిమిషం చూడండి. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ముందే ఖరీదైన సెట్ కొన్న ముగ్గురు ఇప్పుడు వాటిని అమ్మిపెట్టమని మా షాపులోనే ఉంచారు.

ఇప్పుడు నా సొంత అనుభవం. ఇది మీ అసలు భయానికి జవాబు కూడా.

2000 వేసవి సెలవులు, నేను తొమ్మిది పాసయ్యాను. తెలుగు మీడియం. ఆటలో వచ్చే ఇంగ్లీషు నాకు శబ్దమే తప్ప మాట కాదు. మిషన్ ముందు వచ్చే బ్రీఫింగ్ ఎప్పుడూ వినలేదు, నేరుగా ‘కమిట్’ నొక్కేవాణ్ణి. మన ఓడ పేరు గలాటియా అని మాత్రం తెలుసు, ఎందుకంటే అందరూ ఆ పేరు పదేపదే అంటారు. మనం ఉండేది అందులోనే, ప్రతి మిషన్‌కీ బయల్దేరేది అక్కడి నుంచే. ఒక మిషన్‌లో షివన్లు అనే శత్రు జాతి మహానౌక లూసిఫర్ వచ్చి గలాటియాను పేల్చేస్తుంది. నేను నమ్మలేకపోయాను. నా తప్పు వల్లే పోయిందనుకున్నాను. మిషన్ తర్వాత వచ్చే తెరలో రెండు దార్లు ఉంటాయి, ఒప్పుకుని ముందుకు వెళ్ళడం, మళ్ళీ ఆడటం. నేను ప్రతిసారీ మళ్ళీ ఆడటమే నొక్కాను. ఆ వేసవి మిగిలిన రోజులన్నీ ఆ ఒక్క మిషనే. మిసైళ్ళు మార్చాను, దారి మార్చాను, లూసిఫర్‌కి ఎదురెళ్ళి ఢీకొట్టాను. జూన్‌లో బాబాయ్ మెషిన్ ఫార్మాట్ చేయించాడు. నా ఆట అక్కడితో ఆగిపోయింది.

పదమూడేళ్ళ తర్వాత, షాపు పెట్టాక, ఆట కొని మళ్ళీ ఆడాను. ఈసారి బ్రీఫింగులు విన్నాను. రేడియోలో వచ్చే మాటలన్నీ తెర పైన అక్షరాల్లో కూడా వస్తాయి, ఎఫ్ 4 నొక్కితే పాత మాటలన్నీ చదువుకోవచ్చు. అలా చదువుతూ ఆడితే తెలిసింది. గలాటియాను కాపాడటం కుదరదు. ఏం చేసినా కుదరదు. కథే అంత. లూసిఫర్ షీల్డ్‌ను ఏ ఆయుధమూ ఛేదించలేదు. అది ఓడిపోవాల్సిన రోజు. ఓడిపోయాక మనల్ని బాస్టియన్ అనే ఇంకో ఓడకు మారుస్తారు, యుద్ధం అక్కడి నుంచి సాగుతుంది. ఆ ఇంగ్లీషు మాటలు అర్థం కాక నేను సగం కథ బయటే ఆగిపోయాను. ఆ రాత్రి షాపు కట్టేసి, మిగతా సగం ఆడటం మొదలుపెట్టాను.

ఆ సగంలో ఏముందో మీకు పూర్తిగా చెప్పను, కొంచెం చెబుతాను. కథ మొదలయ్యేది 2335లో. మనుషులకూ వాసుడన్లు అనే గ్రహాంతర జాతికీ పద్నాలుగేళ్ళుగా యుద్ధం జరుగుతుంటుంది. మనం మొదట కాల్చేది వాసుడన్లనే. షివన్లు వచ్చాక అదే వాసుడన్ పైలట్లు మన పక్కన ఎగురుతారు. చిన్నప్పుడు నాకు ఈ మార్పు తెలియనే లేదు, ఎర్రగా కనిపిస్తే కాల్చడం, ఆకుపచ్చగా ఉంటే వదిలేయడం, అంతే. మాటలు వింటూ ఆడితే వాళ్ళ గొంతుల్లో మొదట్లో ఉన్న అపనమ్మకం, తర్వాత అది కరగడం వినిపిస్తాయి. వాసుడన్లలోనే షివన్లను కొలిచే ఒక వర్గం ఉంటుంది. వాళ్ళ గ్రహం మీద ఏం జరుగుతుందో, దానికి మన పైలట్లు ఏమంటారో మీరే వినండి.

నేను మీ జ్ఞాపకం పాడవదు అనడానికి కారణం ఇది. మీకు గుర్తున్నది ఒక కుర్చీ, మీ అన్న మోచెయ్యి, ఆ గది. దాన్ని ఏ ఆటా తిరిగివ్వదు, ఏ ఆటా చెరపదు. ఇంకో కస్టమర్ ఉన్నాడు, ఇరవై నిమిషాలు ఆడి ఆపేశాడు. ఆయన వేరే ఆట ఆడేవాడు, వేసవిలో అమ్మమ్మగారింట్లో ఆరుగురు పిల్లలు వంతులేసుకుని. ఒక్కడే కూర్చుంటే బోసిపోయిందన్నాడు. ఆయన వెతికింది ఆ ఆరుగురిని. అలా వెతుక్కుంటూ కూర్చుంటే మాత్రం నిరాశే. కథ కోసం, ఇంజిన్ పట్టీల కోసం, అప్పుడు అర్థం కాని మాటల కోసం కూర్చోండి.

పాప గురించి. నెత్తురు కనిపించే ఆట కాదు, పేలేవి ఓడలే. కానీ ఒక వీడియోలో షివన్లు ఓడ నడవాలో సైనికుల మీద పడే దృశ్యం ఉంది, పదేళ్ళ పిల్లకు అది రాత్రి కలల్లోకి వచ్చేంత ఉంటుంది. ముందు మీరు ఒక్కరే చూసి, పాప ఉన్నప్పుడు దాటేయాలో లేదో నిర్ణయించుకోండి. మిగతాదానికి ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి. మొదట్లో ఉండే ట్రైనింగ్ మిషన్లు ఆమెతోనే ఆడించండి, వాటిలో ఒక్కో కీ నిదానంగా నేర్పిస్తారు. తర్వాత మౌస్ మీరు పట్టుకుని, ఆ ఆరు కీలూ, హెచ్, ఎమ్, బీ ఆమెకు అప్పగించండి. ఇంగ్లీషు బ్రీఫింగులు చదివి మీకు తెలుగులో చెప్పే పని కూడా ఆమెకే ఇవ్వండి. ఒక్కో మిషన్ పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి హోమ్‌వర్క్ అయ్యాక ఒకటి ఆడితే సరిపోతుంది. ఇద్దరు ఆడే ఆటగా దీన్ని ఎవరూ తయారుచేయలేదు, కానీ మన ఇళ్ళలో ఒకే కంప్యూటర్ ఉండటం వల్ల అలా అయింది, చాలా బాగా అయింది.

ఇది చదివే మిగతావాళ్ళకు ఒక మాట. మీది వింగ్ కమాండర్ లాంటి, విండోస్‌కి ముందు డాస్ కాలపు అంతరిక్ష ఆట అయితే ఈ పద్ధతి వేరు. 1990లో వచ్చిన ఆ మొదటి భాగం వేగం ప్రాసెసర్ వేగాన్ని బట్టి ఉంటుంది, అందుకే పాత డాస్ మెషిన్‌ను అనుకరించే డాస్‌బాక్స్ ప్రోగ్రామ్‌లో సైకిల్స్ (వేగం) తగ్గించి ఆడాలి, లేకపోతే కన్ను మూసి తెరిచేలోగా చచ్చిపోతారు. అలాంటివే ఎక్స్‌వింగ్, టై ఫైటర్ ఆటలు జీఓజీలో ఉన్నాయి, డాస్‌బాక్స్ ముందే అమర్చి ఇస్తారు.

చివరగా, అటక మీద జాయ్‌స్టిక్, సీడీ దొరికాయంటే ఆ పాత సీపీయూ కూడా అక్కడే ఎక్కడో ఉండొచ్చు. ఉంటే రిపేర్ల చెత్తతో పాటు పాత సామాన్ల వాడికి వేయకండి. డబ్బా పోతే పోయింది, లోపలి హార్డ్ డిస్కు తీసుకోండి. పాత డిస్కుల ఐడీఈ ప్లగ్‌ను యూఎస్‌బీకి మార్చే కన్వర్టర్ సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో దొరుకుతుంది. డిస్కు తిరిగితే, ఆట ఫోల్డరులో ప్లేయర్స్ అనే చోట పీఎల్‌ఆర్ అని ముగిసే ఫైళ్ళు వెతకండి. ఆ ఫైలు పేరే పైలట్ పేరు. దాన్ని కొత్త ఇంజిన్ తీసుకోదు, మళ్ళీ మొదటి నుంచే ఆడాలి. కానీ కొత్త ఆట తెరవగానే మొట్టమొదట అడిగేది పైలట్ పేరే. అప్పుడు ఏం పెట్టారో మీకు గుర్తుండకపోవచ్చు. డిస్కు తిరగకపోతే మీ అన్నకు ఫోన్ చేసి అడగండి.